చచ్చిపోయిన పైల్వాను తరఫున మా నాయన

ఏమప్పా రమణా, ఫోనులో ఎవురితో ఆ గలాటా? పక్క ఫ్లాటాయమ్మ తలుపు తీసి చూసి పోయింది, ఈ ఇంట్లో ఎవురో కొట్టుకుంటా ఉండారని. ఆఁ? ఎవురు ఎవుర్ని కొడతారనా? ఒకడు చచ్చి ఎంత కాలమాయెనో, ఇంకొకడు అప్పటికి పుట్టనే లేదు, ఇద్దర్నీ ఒకే రింగులో నిలబెడితే ఎవురు గెలుస్తారని నీకూ నీ స్నేహితుడికీ జగడమా! నవ్వుతా ఉండానా? నవ్వనీప్పా. నిన్ను చూసి కాదు నవ్వేది. ఆ ఫోను అట్ల పెట్టి ఇట్ల రా, కూచో. ఈ జబ్బు నీకు యాడ నుంచి తగులుకొనిందో చెప్తాను. మీయమ్మ పక్క నుంచి రాలేదు ఇది. నా పక్క నుంచీ వచ్చింది, మీ తాత పక్క నుంచీ వచ్చింది. రెండు పక్కలా వచ్చినాక ఇంక దీనికి మందు యాడ ఉండాది?

మా నాయనను నువ్వు చూడలేదు గదా. ఆదినారాయణప్ప అంటే కబ్బన్‌పేటలో అందరికీ తెలుసు. పట్టు మగ్గాలు ఉండె మాకు. మనిషి ఎట్ల ఉండె అంటావు? మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె ఉంటుంది చూడు, అట్ల. సన్నంగా, ఒక చోట నిలవకుండా. అంగీ విప్పితే ఎముకలు తప్ప ఇంకేమీ కనపడవు. అట్లాంటి మనిషికి కుస్తీ పిచ్చి. సాయంత్రం మగ్గం దిగితే చాలు, కాళ్లు గరడి పక్కకే పోతా ఉండె. గరడి అంటే తెలుసునా నీకు? మీరు జిమ్ము అంటారే, అద్దాలూ పాటలూ పెట్టుకొని, అది కాదు. చీకటి గది, లోపల ఎర్రమట్టి. ఆ మట్టిలో మజ్జిగ, పసుపు, నూనె కలిపి మెత్తగా చేసి పెడతారు. మూల ఆంజనేయస్వామి. పైల్వాన్లు ఆ మట్టి కండ్లకద్దుకొని దిగాల. మా నాయన మాత్రం ఎప్పుడూ దిగలేదు. వయసులో ఉండంగా పోయి, నాకూ నేర్పించండి సామీ అని అడిగితే, ఆ గరడి ఉస్తాదు ఈయన్ని పైనుంచి కింది దాకా చూసి, "నీ ఒంట్లో పట్టుకొనేదానికి ఏముండాదప్పా? పో, పోయి నూలు చుట్టుకో" అన్నాడంట. ఉండేవాళ్లంతా నవ్వినారంట. అప్పట్నుంచి గడప దగ్గర కూచోని చూసేదే. చూసీ చూసీ పట్లన్నీ నోటికి వచ్చేసె. ఒంటికి రాలేదు గానీ, నోటికి వచ్చె!

ఆయనకు ఆంజనేయస్వామి తర్వాత పెద్దమునియప్ప. దేవనహళ్ళి పైల్వాను. మా నాయన వాళ్ల తాత కాలం వాడు. మా నాయన పుట్టకముందే పోయినాడు. చూసిందే లేదప్పా! ఒక పటం కూడా లేదు. అంతా తాత చెప్పినవే. అయినా మా నాయన నోట వింటే, ఆ పొద్దే ఇద్దరూ కలిసి కాఫీ తాగి వచ్చినట్లుండె. పెద్దమునియప్ప తొడ చరిస్తే దేవనహళ్ళి కోట మీద పావురాళ్లు లేచిపోతా ఉండెనంట. జిగణి సంతలో ఎద్దు బెదిరి జనం మీదికి వస్తే కొమ్ములు పట్టుకొని కూచోబెట్టినాడంట. నేను చిన్నపిల్లప్పుడు అది ఒక్క ఎద్దే. నాకు బుద్ధి వచ్చేటప్పటికి జత ఎద్దులాయె. పెండ్లీడు వచ్చేటప్పటికి ఆ ఎద్దులకు బండి కట్టి, బండిలో రాగి మూటలు కూడా వేసేసినాడు మా నాయన. మాయమ్మ మునివెంకటమ్మ లోపల్నుంచి అంటా ఉండె, "ఉండు, ఇంకొన్నాళ్లకు జిగణి ఊరంతా ఎక్కి కూచుంటుంది ఆ బండిలో" అని.

ఇంక ఈయనకు జోడీ, వెంకటరాయప్ప. అదే, మీ తాతకు నాయన. మా ఎదురిల్లు. ఇద్దరూ ఒకే వీధి దుమ్ములో పొర్లాడి పెరిగినోళ్లు. ఈయన ఎంత సన్నమో ఆయన అంత గుండ్రం. దండులో, అదేప్పా కంటోన్మెంటులో, దర్జీ పని ఆయనది. యుద్ధం జరిగే కాలం, దండు నిండా సోల్జర్లు. ఎవురికో ప్యాంటు పొడుగు, ఎవురికో చొక్కా బిగువు, ఆయప్పకు ఊపిరి తీసుకొనేదానికి లేదు. ఆ సోల్జర్లకు పొద్దు పోయేదానికి మైదానంలో తాళ్లు కట్టి బాక్సింగు పెడతా ఉండె. ఒక ఆఫీసరు కోటు బాగా కుట్టినాడని ఈయనకూ పాసు ఇచ్చినాడు. పోయినాడు, చూసినాడు, అంతే! ఇంటికి వచ్చి కెంపమ్మను, అంటే వాళ్లింటామెను, గుమ్మంలో నిలబెట్టి గాల్లో గుద్దులు గుద్ది చూపించినాడంట. ఆయమ్మ కుండ కింద పడేసి, "దయ్యం పట్టింది" అని ఎదురింటికి, మా ఇంటికి, పరిగెత్తుకొని వచ్చింది. పట్టింది దయ్యం కాదు, డాసన్ అనే బాక్సరు. కోలారు బంగారు గనుల పక్క నుంచి వచ్చిన ఆంగ్లో-ఇండియను. సైన్యం మోటారు షెడ్డులో పని. మా పేటోళ్లకు డాసన్ నోరు తిరుగుతుందా? దాసన్న అయిపోయినాడు. వెంకటరాయప్ప ఆయనకు బాక్సింగు చెడ్డీలు కుట్టి ఇస్తా ఉండె. దానికే ఎంత గొప్ప అనుకొన్నావు! "నేను కుట్టిన చెడ్డీలోనే గదా దాసన్న గెలిచేది" అంటాడు. "కొండప్పా, కొండ! నిలబడితే దీపం కనపడదు" అంటాడు.

ఇంక చూసుకో. సాయంత్రమైతే మా ఇంటి అరుగు మీద ఇద్దరూ. "పెద్దమునియప్ప ఒక్క పట్టు పట్టినాడంటే నీ దాసన్న నేల మీద" అని ఈయన. "పట్టు పట్టల్ల అంటే దగ్గరికి రావాల గదా? వచ్చేలోపల దాసన్న ఎడమ చెయ్యి మూతి మీద ముద్దర ఏసుంటుంది!" అని ఆయన. "ఏస్తే ఏమి? రోజూ గోడను తలతో కొట్టుకొనే మనిషి పెద్దమునియప్ప!" "గోడ తిరిగి కొడుతుందా?" ఇట్ల. "సరే, దాసన్న చేతుల గ్లౌసులు తీసెయ్యి." "తీసేస్తా, నీవోడి ఒంటికి నూనె తీసెయ్యి." "నీ దాసన్నను మా తాత కాలంలో పుట్టించు, తెలుస్తుంది." "పుట్టిస్తే? అప్పుడు ఏమి తింటాడు? రాగి ముద్ద! ముద్ద తిన్న దాసన్న ఇంకా జోరుగా కొడతాడు!" "ఆఁ! ఒప్పుకొన్నావు గదా! అంటే బలం ముద్దది, దాసన్నది కాదు!" అని మా నాయన ఎగిరి గంతేస్తా ఉండె. వీధి వీధే రెండు ముక్కలాయె. క్షవరం చేసే ఆయన పెద్దమునియప్ప పక్క. వెంకటరాయప్పకు సగం గడ్డం గీకి, కత్తి ఎత్తి పట్టుకొని, "ఇప్పుడు చెప్పు సామీ, గెలిచేది ఎవురు?" అంటాడు. ఆయన సగం గడ్డంతోనే లేచి వచ్చేస్తాడు గానీ పెద్దమునియప్ప పేరు చెప్పడు. సగం గడ్డంతోనే దండుకు పనికి పోయినాడు, నిజం!

ఇందులోనే మా పెండ్లి మాట. రామయ్య, మీ తాత, అప్పుడు మిల్లులో కొత్తగా పనిలో చేరినాడు. నాకు ఇష్టమేనా అంటావా? అడుగుతాడు చూడు! సైకిలు మీద పోతా సరిగ్గా మా కిటికీ కిందికి వచ్చి గంట కొడతా ఉండె, దారిలో కుక్క కూడా లేకపోయినా. ఇంకేమి కావాల? రెండిండ్లలోనూ అందరికీ తెలుసు. తాంబూలాలు మార్చుకొనేదానికి పొద్దు కుదిరింది. మాయమ్మ ఒబ్బట్లు చేసింది. యుద్ధకాలంలో చక్కెర దొరకదు, బెల్లం కోసం ఎంత తిరిగిందో ఆయమ్మకే తెలుసు. తట్ట మా నాయన చేతిలో ఉండాది, అవతల కొస వెంకటరాయప్ప పట్టుకొని ఉండాడు. ఇంకొక్క క్షణం, అంతే. అప్పుడు దేవనహళ్ళి నుంచి వచ్చిన మా పెదనాయన ఒకాయన, పెద్దమనిషి, మంచి మాట చెప్పల్లని, "తొందరలోనే పెద్దమునియప్ప మాదిరి మనవడు పుట్టాల" అన్నాడు. వెంకటరాయప్ప నవ్వుతానే, "మా ఇంట్లో పుట్టేవాడు దాసన్న మాదిరి పుడతాడు లెండి" అన్నాడు. మా నాయన తట్ట తన పక్కకు లాగినాడు. "ఏమంటివి?" ఆయన తన పక్కకు లాగినాడు. "ఉండే మాటే అంటిని." పుట్టని బిడ్డ కోసరం కొట్లాట, రమణా! మీ నాయన కోసరం! టెంకాయ దొర్లి పోయింది, ఆకులూ వక్కలూ చల్లుకొని పోయినాయి, తట్ట మా నాయన చేతిలోకి వచ్చేసింది. "దాసన్న ఇంటికి నా బిడ్డను ఇయ్యను!" "చచ్చినోడి మాటలు చెప్పుకొని బతికేవాడితో నాకు వియ్యమా!" అని ఆయన ఉత్తరీయం దులుపుకొని వీధి దాటి పోయినాడు. తలుపు వేసుకొన్నాడు. ఈ పక్క మేమూ వేసుకొన్నాము. ఒబ్బట్లు ఎవురూ తినలేదు.

నేను ఏడ్చినాను, లేదనను. కానీ మా నాయనను చూస్తే నా ఏడుపే మర్చిపోతా ఉంటిని. అరుగు మీద ఒక్కడే కూచునేది. ఎదురు తలుపు పక్క చూసేది, చూడనట్లు మొగం తిప్పుకొనేది. మగ్గం మీద పోగు మాటిమాటికీ తెగిపోయేది. గరడి దగ్గర వయసు పిల్లోళ్లు, "అవునప్పా, పెద్దమునియప్పే గెలుస్తాడు" అని ఒప్పేసుకొంటా ఉండ్రి, ఈయనకు అది నచ్చలేదు. "ఎందుకు గెలుస్తాడు, చెప్పు?" అంటే వాళ్లకు తెలీదు. ఎదురు చెప్పేవాడే లేకపోతే ఏమి వాదించేది? మాయమ్మ నాతో అంటా ఉండె, "నీ పెండ్లి చెడిందని కాదే, జగడానికి మనిషి లేక చిక్కిపోతా ఉండాడు మీ నాయన. ముందే ఏమీ లేని ఒళ్లు." చూసి చూసి ఒక పొద్దు ఆయమ్మే ఎదురింటికి పోయి కెంపమ్మతో వంటింట్లో కూచోని ఏమో మాట్లాడుకొని వచ్చింది. వచ్చి, అన్నం వడ్డిస్తా, మెల్లగా అనింది. "ఇట్ల చూడండి. ఆయప్ప దాసన్న బతికుండాడు, పిలుస్తే వస్తాడు. మీ పెద్దమునియప్ప పిలిచినా రాడు. ఆయన బదులు మీరు మట్టిలో దిగండి. లేదంటే ఇంక ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తవద్దు." మా నాయన ముద్ద చేతిలోనే ఉండాది. "నేనా?" అన్నాడు. "మీరే. పట్లన్నీ వచ్చు గదా?" అనింది మాయమ్మ. వీధి అవతల కెంపమ్మ కూడా మొగుడితో అదే మాట, "పిలుచుకొని రా నీ కొండను, మేమూ చూస్తాము" అని.

ఆదివారం పెట్టుకొన్నారు. గరడిలో జనం పట్టరని వెనక బయలులో మట్టి పోసి, నీళ్లు చల్లి, నూనె మజ్జిగ కలిపి సిద్ధం చేసినారు. గరడి లోపలికి ఆడోళ్లు పోయేదానికి లేదు, బయలైతే అడ్డం ఎవురు చెప్తారు? అయినా మేము పక్కింటి మిద్దె ఎక్కినాము. మాయమ్మ, కెంపమ్మ, నేను, పేటలో సగం ఆడోళ్లు. మా నాయన లంగోటి కట్టుకొని వచ్చినాడు. అయ్యో, ఏమి చెప్తాను! కొందరు నవ్వినారు. ఆయన ఆ పక్కే చూడలేదు. వంగి మట్టి తీసి కండ్లకద్దుకొన్నాడు. తర్వాత ఎన్నోతూర్లు నాతో చెప్పినాడు ఆ సంగతి. కుడికాలు మట్టిలో పెట్టగానే, ఆ చల్లదనం అరికాలుకు తగలగానే, అంతా మర్చిపోయినాడంట. గడప దగ్గర కూచోని కూచోని ముసలోడు కావస్తా ఉండె, ఆ మట్టి ఎట్ల ఉంటుందో ఆ పొద్దే తెలిసె ఆయనకు. "చాలమ్మా, ఇంక పళ్లు రాలినా పర్వాలేదు అనిపించె" అన్నాడు.

అప్పుడు వెంకటరాయప్ప జట్కా దిగినాడు. వెనకాల దాసన్న. కొండ వస్తుందని జనమంతా తలెత్తి చూస్తా ఉండారు. వచ్చింది ఎవురు? మా నాయన భుజం దాకా వస్తాడేమో, అంతే! పొట్టి మనిషి, గట్టిగా, వక్కకాయ మాదిరి. "ఇదా కొండ!" అని జనమంతా ఒకటే నవ్వు. వెంకటరాయప్ప చెవులు ఎర్రబడినాయి. "కొట్టేటప్పుడు చూడండి, పెరుగుతాడు" అన్నాడు. మా ఉస్తాదు తెలుగులోనే గట్టిగా, "ఈ పిల్లోణ్ణి ఇంటికి పంపించండప్పా, పాలు తాగే పొద్దాయె" అన్నాడు. అప్పుడు ఆ దాసన్న చొక్కా విప్పి మడిచి వెంకటరాయప్ప చేతికిచ్చి, "పాలు తర్వాత తాగుతాను గానీ, పెద్దమునియప్ప ఎవురు సామీ మీలో?" అన్నాడు. తెలుగులో! మన తెలుగు! కోలారు పక్కది! వాళ్లమ్మమ్మ ఆ పక్క తెలుగు మనిషంట. తర్వాత మిద్దె మీద నుంచి కెంపమ్మ పడీ పడీ నవ్వింది చూడు. ఎందుకంటావా? ఇన్నాళ్లూ వెంకటరాయప్ప ఆ మనిషితో ఇంగ్లీషులో మాట్లాడతా ఉండె. "యెస్ సార్, నో సార్, టైటు సార్, లూజు సార్" అని. ఈయప్ప ఇంగ్లీషు ఆయప్పకు అర్థం కాదు, ఆయప్ప ఇంగ్లీషు ఈయప్పకు అర్థం కాదు. ఇద్దరూ చెమటలు కక్కుకొంటా చెడ్డీ కొలతలు చెప్పుకొన్నారు, ఒకరికి తెలుగు వచ్చునని ఇంకొకరికి తెలీక!

సంగతంతా విని దాసన్న మా నాయనకు చెయ్యెత్తి మొక్కినాడు. "చచ్చినోడి తరఫున వచ్చినావా? నేను ఇంతవరకూ బతికినోళ్లతోనే కొట్లాడినాను. మెల్లగా పోదాము అన్నా" అన్నాడు. మొదలైంది. దాసన్న ఎడమ చెయ్యి మెల్లగా, పిల్లోడికి ముద్ద పెట్టినట్లు, మా నాయన మూతి దాకా తెచ్చినాడు. "ఆగు!" అన్నాడు మా నాయన. "ఈడ పెద్దమునియప్ప తల వంచేవాడు" అని వంచి చూపించినాడు. గట్టు మీద నుంచి వెంకటరాయప్ప, "వంచితే కుడి చెయ్యి కింద నుంచి వస్తుంది! దాసన్నా, కుడి!" దాసన్న కుడి చెయ్యి తెచ్చినాడు. "ఆగు! ఆ చెయ్యిని పెద్దమునియప్ప చంకలో పట్టుకొంటాడు!" పట్టుకొన్నాడు. "గ్లౌసుకు చెమట ఉంటుంది, జారుతుంది!" "జారదు!" "జారుతుంది!" ఇద్దరూ అరుచుకొంటా ఉంటే దాసన్న చెయ్యి మా నాయన చంకలోనే పెట్టి ఓపిగ్గా నిలబడి ఉండాడు పాపం. జనం ఒక్కొక్క దానికీ తీర్పు చెప్తా ఉండారు. అంతలో మా నాయనకు ఒంట్లోకి ఏమి వచ్చెనో! నోట్లో ఉండే పట్టు ఒకటి ఉన్నట్టుండి చేతుల్లోకి వచ్చేసింది. గభాలున వంగి దాసన్న మడమ దగ్గర కాలు పట్టి లాగి, భుజంతో ఒక్క తోపు. దబ్! కోలారు మనిషి వెల్లకిలా మట్టిలో! మా నాయన కూడా ఆయన మీదనే పడినాడు గానీ, పైన ఉండేది మా నాయనే.

ఏమి అరుపులు, ఏమి ఈలలు! క్షవరం ఆయన ఎగిరి ఎగిరి మట్టిలోకి దూకేసినాడు. ఉస్తాదు, నూలు చుట్టుకో పో అన్నాడే, ఆ ముసలాయన లేచి వచ్చి తన చేత్తో మా నాయన వీపు మీద మట్టి రాసినాడు. అప్పుడు మా నాయన వెంకటరాయప్ప పక్క చూసినాడు. ఆయన గట్టు మీద కూలబడి ఉండాడు. నోరు తెరిస్తే మాట లేదు. ఆ నోట్లో మాట లేకపోవడం మా నాయన పుట్టి బుద్ధెరిగినాక చూడలేదు. చూసినాడు, ఇంక సంతోషమంతా దిగిపోయింది. లేచి నిలబడి గట్టిగా, "ఇది లెక్కలోకి రాదు" అన్నాడు. "నూనె ఎక్కువైంది. కాలు జారినాడు. దాసన్న తప్పేమీ లేదు." వెంకటరాయప్ప తల ఎత్తినాడు. "ఏంటిది లెక్కలోకి రాదా? నువ్వు పట్టు పట్టినావు, ఆయన పడినాడు, నేను చూసినాను!" "లేదప్పా, ఆయన మెల్లగా ఆడతా ఉండె. నిజంగా ఆడింటే నా మూతి మీద ముద్దర పడిపోయుండేది." "పడదు! నీ పట్టు సరిగ్గా ఉండె! గెలిచింది నువ్వే!" "గెలవలేదు!" "గెలిచినావంటే గెలిచినావు, నోరు మూయి!" వెంకటరాయప్ప మట్టిలోకి దిగేసినాడు, మంచి దండు ప్యాంటుతో. ఒకడి వేలు ఒకడి మొగం ముందర. దాసన్న లేచి మట్టి దులుపుకొంటా, "ఎవురో ఒకరు గెలిచినారని చెప్పండప్పా, ఆకలైతా ఉండాది" అన్నాడు. మాయమ్మ మిద్దె మీద నుంచి కేక వేసింది, "ఒబ్బట్లు చేసి పెట్టినాను, తాంబూలం తట్ట కూడా పెట్టినాను, జగడం ఇంటికి వచ్చి ఆడుకోండి!" అని. మళ్లీ బెల్లం యాడ సంపాదించిందో ఆ మహాతల్లి. ఆ పొద్దే తట్ట మారింది. మట్టి చేతులతోనే మార్చుకొన్నారు. దాసన్న తిన్నాడు చూడు ఒబ్బట్లు, పెద్దమునియప్ప కూడా అన్ని తినుండడు.

పెండ్లి అయిన మరుదినమే ఎవురి పక్కకు వాళ్లు తిరిగి పోయినారులే. మళ్లీ అదే అరుగు, అదే ఎడమ చెయ్యి, అదే జిగణి ఎద్దులు. యుద్ధం అయిపోయె, సోల్జర్లు పోయినారు, దాసన్న గనులకు తిరిగి పోయినాడు, వీళ్ల జగడం మాత్రం ఆగలేదు. మీ నాయన పుట్టినాక ఉయ్యాలకు ఆ కొస ఒకడు, ఈ కొస ఒకడు నిలబడి, "చూడు పిడికిలి ఎట్ల పట్టినాడో, దాసన్న!" "చూడు తొడ ఎట్ల చరిచినాడో, పెద్దమునియప్ప!" అని.

వెంకటరాయప్ప మామ ముందర పోయినాడు. ఆయన్ని ఎత్తుకొని పోయి వచ్చినాక మా నాయన అరుగు మీద ఒక్కడే కూచోని ఉండాడు. గరడి నుంచి ఒక పిల్లోడు, మంచోడే, ఈయన మనసు మళ్లించల్లని పక్కన కూచోని, "ఏమైనా అనండి తాతా, పెద్దమునియప్పే గెలిచేవాడు గదా?" అన్నాడు. మా నాయన ఎదురు తలుపు పక్కే చూసినాడు. చూసి, "లేదప్పా" అన్నాడు. "దాసన్న గెలిచేవాడు. పట్టు పట్టల్ల అంటే దగ్గరికి రావాల గదా..." అని మొదలుపెట్టి, ఎడమ చెయ్యి, కుడి చెయ్యి, గోడ తిరిగి కొడుతుందా, ఒక్కటీ వదలకుండా, వెంకటరాయప్ప చెప్పినవన్నీ, వెంకటరాయప్ప గొంతుతోనే, ఆ పిల్లోడికి చెప్తా...

ఊఁ.

సరే, లే. ఆ కిటికీ మూయి, దోమలు వచ్చేస్తాయి.